ఆటగీత బయట మా నాయన

మా మనవరాలు ఖోఖో ఆడుతుందని నాకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. చెబితే వద్దంటానని కోడలి భయం. నేను చాలావాటికి వద్దంటాను, నిజమే. ఫ్యాను తిరుగుతుండగా గదిలోంచి బయటికి పోతే వద్దంటాను, ఇంట్లో నీళ్లుండగా బయట సీసా కొంటే వద్దంటాను, నిన్నటి కూర ఉండగా ఇవాళ ఇంకొకటి వండితే వద్దంటాను. ఆటను మాత్రం వద్దని ఎన్నడూ అనలేదు. నన్ను అడిగినవాళ్లు లేరు కాబట్టి ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. సాయంత్రాలు పిల్ల ఆలస్యంగా వస్తే ట్యూషన్ అనేవాళ్లు. మోకాళ్ల మీద గీరుకుపోయిన గాయాలు చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. ట్యూషన్‌లో మోకాళ్లు పగలవు కదా అనుకుని ఊరుకున్నాను. పెద్దవాళ్లం కొన్ని తెలిసి కూడా తెలియనట్టు ఉంటేనే ఇల్లు నడుస్తుంది.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో. కొడుకు వెంకటేశు టాక్సీ నడుపుతాడు. కోడలు సునీత బట్టల షాపులో కౌంటర్ దగ్గర ఉంటుంది. మనవరాలు వైష్ణవి ఏడో తరగతి. మొన్న చలికాలంలో ఒక ఆదివారం కోడలికి వాళ్ల అక్క ఇంట్లో ఫంక్షన్ పడింది, అదే రోజు పిల్లకు ఎల్బీనగర్‌లో మ్యాచ్ పడింది. అన్నం డబ్బా పట్టుకుని వెంట ఉండడానికి ఒక మనిషి కావాలి. అట్లా నాకు చెప్పక తప్పలేదు. నేను ఇంట్లోంచే నీళ్లు నింపుకుని, వేయించిన పల్లీలు కొంగున కట్టుకుని కారెక్కాను.

అది ఒక స్కూలు మైదానం. ఒక పక్క ఎత్తున ఫ్లైఓవర్, దాని మీద బస్సుల మోత, మరో పక్క ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు లేరు, తల్లిదండ్రులందరూ లేచి సున్నం గీత మీదికి వచ్చి నిలబడ్డారు. నాలాంటి ముసలివాళ్లం మాత్రమే కూర్చున్నాం. నా ముందు మంచి చీర కట్టుకున్న ఒకామె, కోస్తా వైపు మనిషి, మాట ఎంత మెత్తగా ఉందో ఆ మాటలో ముల్లు అంత పొడుగ్గా ఉంది.

"రెఫరీ గారూ, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారా అండీ? మా పాపని ఆ అమ్మాయి గోళ్లతో రక్కితే మీకు కనపడలేదా?"

పక్కన నిలబడ్డ ఒకాయన, ఆ రక్కిన పిల్ల తండ్రి, ఊరుకోలేదు. "ఆటన్నంక తాకకుంట ఆడుతరా మేడం? గంత నాజూకుంటే ఇంట్ల కూసోబెట్టుకోండ్రి."

"మీరు మాట్లాడకండి. మిమ్మల్ని ఎవరూ అడగలేదు."

"నన్ను అడగకుంటనే మాట్లాడుత. నా బిడ్డ ముచ్చట గదా."

వాళ్లిద్దరి మధ్యలోంచి మా వెంకటేశు గొంతు వినబడింది. రోజంతా కారులో ఎక్కినవాళ్లను సార్, మేడం అంటాడు, ఇంట్లో కూరలో ఉప్పు లేకపోయినా పైకి అనడు. అట్లాంటివాడు గీత మీద వంగి, మెడ నరాలు లేచేట్టు అరుస్తున్నాడు. "లే! ఉరుకు! గుడ్డిదాన్లెక్క కూసున్నవేందే!" వీళ్లందరికంటే ఒక మెట్టు పైన కోచ్. పాతికేళ్ల పిల్లగాడు, మెడలో ఈల. "తినొచ్చిండ్రా, పండుకోనొచ్చిండ్రా?" అని పిల్లలను అడుగుతున్నాడు. ఒక పిల్ల స్తంభం దగ్గర జారిపడితే దగ్గరికి పిలిచి చెవి మెలిపెట్టి మళ్లీ లోపలికి తోశాడు. ఆ పిల్ల తల్లి ఫోన్‌లో వీడియో తీస్తోంది. చెవి మెలిపెట్టినప్పుడు ఫోన్ కిందికి దించింది, పిల్ల లోపలికి పోయాక మళ్లీ పైకెత్తింది.

ఖోఖో తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. తరిమే జట్టు పిల్లలు వరసగా గళ్లలో కూర్చుంటారు, ఒకరు ఇటు చూస్తే పక్కవాళ్లు అటు చూస్తారు. ఒక్కతే లేచి అవతలి జట్టు పిల్లను తరుముతుంది. ఆమె వచ్చి వీపు తట్టి "ఖో" అన్నాకే కూర్చున్న పిల్ల లేవాలి. ముందే లేస్తే తప్పు. ఈల పడుతుంది, తరిమే పిల్ల వెనక్కి మళ్లాలి, ఆలోపల దొరకబోయిన పిల్ల దొరక్కుండా పోతుంది. ఆ రోజు వైష్ణవి గడిలో కూర్చుని ఆటను చూడడం లేదు. గీత బయట తండ్రి మొహం చూస్తోంది. వాడు "లే" అన్నాడు. పిల్ల లేచింది. వీపు మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఈల పడింది.

ఓడిపోయారు. కోచ్ పిల్లలందరినీ ఎండలో చేతులెత్తి నిలబెట్టాడు. నేను వెళ్లి అన్నం డబ్బా చూపించి "పిల్ల తినాలె" అంటే, "శిక్ష అయినంక తింటది" అన్నాడు. కారులో వెంకటేశు ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పిల్లకు ఆట నేర్పాడు. ఎక్కడ లేవాలో, ఎక్కడ వంగాలో, ఎవరిని చూసి సిగ్గుపడాలో అన్నీ చెప్పాడు. పిల్ల కిటికీలోంచి మెట్రో స్తంభాలను చూస్తూ కూర్చుంది. ఇంటికి రాగానే బూట్లు విప్పి బీరువా మీదికి విసిరేసింది.

"ఇగ నేను పోను నానమ్మా" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు అంత భయం వేసేది కాదు.

ఆ మాట విన్నప్పటినుంచి నాకు మా ద్రాక్షతోట గుర్తుకొస్తూనే ఉంది. ఇప్పుడు కర్మన్‌ఘాట్ వైపు పోతే ఫంక్షన్ హాళ్లు, ఆస్పత్రులు, ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డ ఇళ్లు. నా చిన్నతనంలో అటంతా తోటలే. నల్లగొండ వైపు మా ఊళ్లో వానలు పడక, మా నాయన అమ్మనూ మమ్మల్నీ తీసుకుని వచ్చి అక్కడ ఒక ద్రాక్షతోటలో కాపలాకు కుదిరాడు. మోటరు పక్కన రేకుల షెడ్డు మా ఇల్లు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. తీగలకు పురుగు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాళ్లు. ఆ నీలం మా చేతులకు, గోళ్లకు, తాడు మీద ఆరేసిన బట్టలకు పట్టి ఉండేది. జొన్నరొట్టె తుంచినా ఆ వాసనే. అమ్మ ఏదీ పారేసేది కాదు. కత్తిరించిన తీగలు పొయ్యిలోకి, గుత్తి పలచన కావాలని తుంచేసిన పచ్చికాయలు పప్పులోకి. మా ఇంట్లో చింతపండు కొన్న రోజులు తక్కువ, పచ్చి ద్రాక్ష పులుపుతోనే నడిచేది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోయాలి, మొహం కడిగిన నీళ్లు గడపలో చల్లాలి. నన్ను పిసినారి అనేవాళ్లు మా అమ్మను చూసి ఉంటే నన్ను దుబారా మనిషి అనేవాళ్లు.

నాయన పని పిట్టలను తోలడం. పండు తిరిగే రోజుల్లో రామచిలుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు తోటమీద వాలిపోయేవి. ఒక గుత్తికి నాలుగు పండ్లు పొడిస్తే చాలు, ఆ గుత్తి మార్కెట్లో పనికిరాదు. తోట మధ్య మంచె మీద నిలబడి ఆయన పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అరిచేవాడు. డబ్బా కొట్టేవాళ్లు వేరే తోటల్లో ఉండేవాళ్లు, మా నాయనకు డబ్బా అవసరం లేదు. తెల్లారుజామునే ఉప్పు నీళ్లతో పుక్కిలించి, అల్లం ముక్క దవడన పెట్టుకుని మంచె ఎక్కేవాడు. ఆయన గొంతు అవతలి తోటల్లోకి కూడా వినబడుతుందని, ఆ తోటలవాళ్లు ఊరికే లాభపడుతున్నారని మా తోట యజమాని నవ్వేవాడు. అరుపులు రెండు రకాలు. పొడుగుది చిలుకలకు. పొట్టిది మాకు. పిట్టలు ఏ వరసలో వాలితే ఆ వరసలోకి మేము ఉరికి చప్పట్లు కొట్టాలి. "లే!" అని పొట్టి అరుపు వచ్చిందంటే నోట్లో ముద్ద ఉన్నా లేవాలి, జడ సగం వేసి ఉన్నా లేవాలి. ఎటు పోవాలో లేచాక చూసుకోవడమే. నేను నడక నేర్చింది, పరుగు నేర్చింది ఆ అరుపుకే. చెల్లెలు నిద్రలో కూడా ఆ అరుపుకు లేచి కూర్చునేది, మేము నవ్వేవాళ్లం.

తోటల పిల్లలమంతా సరూర్‌నగర్ వైపు ఉన్న సర్కారు బడికి పోయేవాళ్లం. అక్కడ డ్రిల్లు సారు ప్రసాదరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. అందరినీ అండీ అనేవాడు, మమ్మల్ని కూడా. ఆడపిల్లలకు అండీ అనే మనిషిని మేము అంతకుముందు చూడలేదు, మొదట్లో ఆయన పిలిస్తే వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూసుకునేవాళ్లం. బడికి బంతి లేదు, బ్యాటు లేదు. రెండు కట్టెలు పాతి, సున్నంతో గీతలు గీసి ఖోఖో మొదలుపెట్టాడు. మమ్మల్ని గళ్లలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవాడు. "చెవులు వద్దండీ, వీపు. మీ వీపుకి చెయ్యి తగిలేదాకా ప్రపంచం మునిగిపోయినా మీకు సంబంధం లేదు" అనేవాడు. సెలవు రోజుల్లో మా తోటలోనే, ప్యాకింగ్ చేసే చెట్టు నీడన ఆడేవాళ్లం. కోతల కాలంలో ఆడవాళ్లు పందిరి కింద కూర్చుని గుత్తుల్లోంచి పాడైన పండ్లను కత్తెరతో తీస్తూ మా ఆట చూసేవాళ్లు. చేతిలో కత్తెర ఉండగా చూపు తప్పితే వేలు తెగుతుంది. అందుకేనేమో, ఎవరు గెలిచినా వాళ్లు ఒక నవ్వు నవ్వి మళ్లీ గుత్తిలోకి తల వంచేవాళ్లు. ఆట చూడడమంటే అట్లాగే చూస్తారని నేను అనుకునేదాన్ని.

ఒకరోజు సారు మా షెడ్డుకు వచ్చాడు. అమ్మ ఆయనకు నులక మంచం వాల్చి, గిన్నెలో మిగిలిన పండ్లు పెట్టింది. మలక్‌పేటలో పెద్ద బళ్లతో పోటీ ఉందని, అక్కడి ఆడపిల్లల హైస్కూలు పెద్ద టీచరమ్మ చూడ్డానికి వస్తుందని, బాగా ఆడిన పిల్లను ఫీజు లేకుండా తీసుకుంటుందని చెప్పాడు. అప్పట్లో మా బడి ఐదు దాకే. ఆ పైన చదవాలంటే మలక్‌పేట పోవాలి. మా ఇంట్లో అంత మాట ఎవరూ అనలేదు, అనుకోలేదు కూడా.

"మీ అమ్మాయి పరిగెడుతూ పరిగెడుతూ ఆగి తిరగడం చూశారా? అది నేను నేర్పలేదండీ" అన్నాడు సారు.

"నేను నేర్పిన సారూ, పిట్టల ఎంబడి" అన్నాడు నాయన. ఆ రోజు ఆయన మొహం నాకు ఇంకా కనబడుతుంది. పిట్టల పనికి వచ్చిన గొంతు బిడ్డ చదువుకు పనికొచ్చిందని ఆయనకు అంత సంబరం.

పోటీ రోజు నాయన యజమానిని అడిగి సెలవు తీసుకున్నాడు. పంట రోజుల్లో ఆయన సెలవు అడగడం నేను చూసింది అదొక్కసారే. ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. మార్కెట్టుకు పోయే వ్యాను వెనక, ద్రాక్ష పెట్టెల మీద గడ్డి పరుచుకుని మా జట్టంతా కూర్చున్నాం. దారిలో గుర్రాల రేసుల మైదానం గోడ వచ్చినప్పుడు డ్రైవరు వ్యాను నెమ్మది చేసి మాకు గుర్రాన్ని చూపించాడు. మేము గడ్డి రాలిన లంగాలతో, నీలం గోళ్లతో దిగితే అవతలి బడి పిల్లలు తెల్ల బట్టల్లో ఉన్నారు. వాళ్లు మా గోళ్లను చూశారు. ఆట మొదలయ్యాక ఎవరి గోళ్లు ఏ రంగో ఎవరికీ పట్టలేదు. మేము బాగా ఆడాం. ఈ మాట నేను గొప్పకు చెప్పడం లేదు, ఆ పెద్ద టీచరమ్మ గొడుగు కింద నుంచి నన్ను చూపించి పక్కామెతో ఏదో అనడం నేను చూశాను.

నాయన చాలాసేపు నోరు మెదపలేదు. గీతకు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి వచ్చేసరికి గీత మీదికి వచ్చేశాడు. ఇంకొక్క పిల్లను పట్టుకుంటే గెలుపు మాది. మా జట్టులో పొడుగు పిల్ల ఆమెను తరుముకుంటూ నా వైపే వస్తోంది. నేను గడిలో ఒక కాలు ముడిచి, ఒక కాలు నొక్కి పెట్టి, వీపు అప్పగించి కూర్చున్నాను. ఇంకొక్క అడుగులో ఆ చెయ్యి నా మీద పడాలి.

"లే!"

లేచాను. ఆలోచించి లేవలేదు. ఆ గొంతుకు నేను అన్నం ముద్ద వదిలి లేచినదాన్ని, నిద్రలోంచి లేచినదాన్ని. వీపు ఇంకా ఖాళీగానే ఉంది, కాళ్లు నిలబడి ఉన్నాయి. ఈల పడింది. పొడుగు పిల్ల వెనక్కి మళ్లేలోపల ఆ తెల్ల బట్టల పిల్ల అటు చివరికి పోయింది. టైమైపోయింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు, కాని చెప్పకపోతే ఈ మాటలన్నీ దండగ. నాయన లోపలికి దూకి అంపైరును రెండు చేతులతో నెట్టాడు. "గరీబోళ్ల పిల్లలని ఈల ఊదినవ్. నీకు ఎంతిచ్చిండ్రు?" అన్నాడు. ప్రసాదరావు సారు పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడి, "తప్పు జరిగిందండీ, అమ్మాయి ముందే లేచింది, వదిలెయ్యండి" అన్నాడు. "నువ్వు గూడ వాళ్లతోని కలిసినవ్. మీ ఆంధ్రోళ్లు ఆంధ్రోళ్లు ఒక్కటే" అని నాయన ఆయన చొక్కా పట్టుకున్నాడు. జేబు చిరిగి చేతికొచ్చింది. అంపైరు మలక్‌పేట మనిషి, ఆయనకూ సారుకూ ఏ చుట్టరికమూ లేదు. పెద్ద టీచరమ్మ గొడుగు ముడుచుకుని వెళ్లిపోయింది. నాకు ఓటమి కంటే ఆ గొడుగు ముడుచుకోవడమే బాగా గుర్తుంది.

మర్నాటి నుంచి నన్ను బడికి పంపలేదు. సారు ఒకసారి తోటకు వచ్చాడు, చొక్కాకు వేరే రంగు గుడ్డతో జేబు కుట్టించుకుని. ఇంకా దారి ఉంది, తను వెళ్లి ఆ టీచరమ్మతో మాట్లాడతానని అమ్మతో చెప్పాడు. నాయన ఆయన్ని చూసి మంచె ఎక్కాడు. అప్పటికి కోతలు అయిపోయాయి. తీగల మీద పండు లేదు, తోటలో పిట్ట లేదు. అయినా సారు గేటు దాటి పోయేదాకా నాయన మంచె మీద నిలబడి పొడుగు అరుపు అరుస్తూనే ఉన్నాడు. వచ్చే పంటకు నా చేతికి కత్తెర వచ్చింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆయన ఆ కథ చెప్పాడు. చుట్టాలకు, కల్లు కాంపౌండు దగ్గర, నా పెళ్లి మాటల్లో కూడా. ప్రతిసారీ అంపైరు ఇంకొంచెం దొంగ అయ్యాడు. నేను ఎందుకు లేచానని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ కాలంలో తండ్రికి ఎదురుగా అట్లాంటి మాట చెప్పే పిల్ల లేదు. మంచి మనిషి. మాకోసం గొంతు చీల్చుకున్నాడు, చివరి రోజుల్లో మాట పూర్తిగా పోయి సైగలతో నీళ్లు అడిగేవాడు. అయినా ఆ రోజు తప్పు ఆయనదే. చనిపోయినవాళ్ల గురించి అట్లా అనకూడదంటారు. చనిపోయారని జరిగింది జరగకుండా పోదు.

వైష్ణవి బూట్లు బీరువా మీద పడి వారమైనా ఎవరూ దించలేదు. ఒక పొద్దున వెంకటేశు ఇంటి ముందు కారు కడుగుతున్నాడు. నేను కుళాయి సగానికి తిప్పి, మెట్టు మీద కూర్చుని ఇదంతా చెప్పాను. వాడికి తాత అంటే ప్రాణం. అంపైరు దొంగతనం కథ తాత నోట వాడు కూడా విన్నవాడే.

"తాత అరుస్తనే లేచినవా నువ్వు?"

"మరి? పిట్టలకు లేచినట్టు లేచిన."

వాడు బట్ట పిండుతూ నిలబడ్డాడు. "నేను తిట్టేది దాని మంచికే గదా అమ్మా. అరవకపోతే పిల్లలకు జోష్ రాదు. కోచ్ గూడ గదే అంటడు."

"మీ తాత గూడ నా మంచికే అరిచిండు. శత్రువు అరిస్తే లేస్తనా నేను?"

"గిప్పుడేం జెయ్యమంటవ్?"

"నన్నెందుకు అడుగుతవ్. దాన్నడుగు."

వాడు వెళ్లి అడిగాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను, వినడానికే. పిల్ల నేల చూస్తూ అంది, "నువ్వు లోపలికి రాకపోతే ఆడుత డాడీ." ఆ మాట వాడికి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. కన్న తల్లిని, వాడి మొహం చూడలేకపోయాను. కాని పిల్ల మాటను మెత్తబరచడానికి నేను మధ్యలోకి పోలేదు. మా ఇంట్లో ఆ మాట రెండు తరాలు ఆలస్యంగా వచ్చింది, వచ్చిందాన్ని సగం చేయడం దేనికి.

కోచ్ సంగతి నేను చూసుకున్నాను. ప్రాక్టీసుకు పిల్లను నేనే తీసుకుపోవడం మొదలుపెట్టాను, సిటీ బస్సులో, ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి కారు కంటే అదే నయం. మొదటి రోజే దగ్గరికి పోయి, "బాబూ, ఆట నేర్పు, అరుచుకో, ఉరికించు. చెవి మీద చెయ్యి వెయ్యకు, అన్నం ఆపకు" అన్నాను.

"మీకు ఆట గురించి తెల్వదమ్మా. గట్టిగ లేకపోతే వీళ్లు మెడల్ తేరు."

"వీపుతోని వినాలని చెప్పినవా పిల్లలకు?"

వాడు నన్ను వింతగా చూశాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, రేపటి కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీసుకున్నాను. రోజూ అట్లాగే కూర్చున్నాను. మొదట్లో నవ్విన తల్లులు ఇద్దరు ముగ్గురు నా పక్కకు వచ్చి కూర్చున్నారు. ఆ ఫోన్ తల్లి కూడా వచ్చింది. ఆరోజు చెవి సంగతి తనకు మనసులో ఉందని, అందరూ ఊరుకుంటే తను ఒక్కతే ఎట్లా అడుగుతానని అంది. ఇప్పుడు అడగడానికి ఇద్దరం ఉన్నామని చెప్పాను. కోచ్ మారిపోయాడని అనను. మేము చూస్తున్నప్పుడు చేతులు వెనక కట్టుకుంటాడు. అదే చాలు, రోజూ చూస్తే అలవాటవుతుంది.

అప్పటికీ ఇప్పటికీ తూచి చూస్తే నేను అప్పటిదే బంగారమని అనలేను. అప్పుడు కాళ్లకు బూట్లు లేవు, ఐదు దాటి బడి లేదు, ఆడపిల్ల ఆటలో బతుకు ఉందని గుంటూరు సారు ఒక్కడికే తెలుసు. ఇప్పుడు తల్లులు కూడా మైదానానికి వస్తున్నారు, ఆడపిల్ల కోసం నలుగురిలో కొట్లాడుతున్నారు. అది చిన్న సంగతి కాదు. కాని అప్పుడు గీత దగ్గర మా నాయన ఒక్కడే అరిచాడు, ఇప్పుడు గీత పొడుగునా నాయనలే. ప్రతివాళ్లకూ తమ బిడ్డ మీద ఆశ ఉంది. ఆ ఆశంతా గొంతులోకి వస్తే లోపల కూర్చున్న పిల్లకు ఏ చెయ్యి తన కోసం వస్తోందో తెలియదు.

మొన్న మళ్లీ ఎల్బీనగర్‌లోనే మ్యాచ్ జరిగింది. వెంకటేశు మమ్మల్ని గేటు దగ్గర దింపి, రోడ్డు అవతల కారు ఆపుకుని అందులోనే ఉండిపోయాడు. లోపల అరుపులకు తక్కువేమీ లేదు, ఆ మెత్త మాటల ఆమె ఆ రోజు కూడా వచ్చింది. వైష్ణవి గడిలో కళ్లు దించుకుని కూర్చుంది. చుట్టూ నాలుగు వైపుల నుంచి "లే, లే" అన్నారు. లేవలేదు. చెయ్యి పడింది, అప్పుడు లేచింది. నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను.

ఆట అయ్యాక బయటికి వస్తే వాడు కారు పక్కన నిలబడి ఉన్నాడు. లోపలి అరుపులు వినబడ్డాయి గాని ఎవరివో, ఎందుకో తెలియక, అంతసేపూ వాడు ఎంత అవస్థ పడ్డాడో మొహంలో ఉంది. అడగబోయి ఆగాడు. పిల్ల ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"ఓడిపోయినం డాడీ. గని ఏమైందో తెల్సా?" అని మొదలుపెట్టింది. ఎవరు ఎటు ఉరికారో, తను ఇద్దరిని ఎట్లా పట్టిందో, మూడో పిల్ల స్తంభం దగ్గర ఎట్లా తప్పించుకుందో చేతులు తిప్పుతూ చెబుతూనే ఉంది. ఆ మూడో పిల్ల దగ్గర వైష్ణవి ఎడమకు వంగాల్సింది, కుడికి వంగింది. ఆ సంగతి నాకు తెలిసింది, చెబుతుంటే వాడికీ తెలిసింది. వాడు నోరు తెరిచాడు. అద్దంలో నా మొహం చూశాడు. సిగ్నల్ పడి కారు ఆగింది.

"తర్వాత ఏమైంది బిడ్డా?" అన్నాడు.